రోడ్డు మీద నీళ్ళ దిమ్మలు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈసారి పచ్చళ్ళ గురించీ పిల్లల దగ్గు గురించీ కాకుండా రోడ్డుకు అడ్డంగా పెట్టే ప్లాస్టిక్ దిమ్మల గురించి మాట్లాడతానంటే మావారు నవ్వారు. “ఇంజనీర్ల గొడవ నీకెందుకు?” అన్నారు. నిజమే, నేను చదివింది పదో తరగతి. కానీ మేడ మీది నీళ్ళ టాంకీ కడిగించేది నేను, దాని మూత ఎగిరిపోతే వెతికి తెచ్చేది నేను. ఈ రోడ్డు దిమ్మ ఆ టాంకీకి స్వయానా చెల్లెలే. ఎలాగో చెబుతాను వినండి.

మాది సంగం. నెల్లూరుకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో పెన్న ఒడ్డున ఉన్న ఊరు. నెల్లూరు నుంచి ఆత్మకూరు, బద్వేలు మీదుగా పోయే పెద్ద రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది. దాన్ని ఇప్పుడు 67వ నంబరు జాతీయ రహదారి అంటున్నారు. పట్నంలో ఉండే మీరు ఈ దారిన ఎప్పుడైనా వచ్చి ఉంటే, కోతల రోజుల్లో రోడ్డు వారన బారుగా ఆరబోసిన వడ్లు చూసే ఉంటారు. పగలంతా కాళ్ళతో తిరగబెట్టడం, సాయంత్రానికి పోగు చేసి నల్ల పట్టా కప్పడం, పట్టా ఎగరకుండా, బండి ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పెట్టడం. మా ఇంట్లోనూ అదే పని. తప్పని తెలుసు. కల్లాలు చాలక, వాన భయం వల్ల అందరూ చేసేదే మేమూ చేశాం.

రెండేళ్ళ కిందట ఒక రాత్రి మా మరిది నెల్లూరు నుంచి మోటారు సైకిలు మీద వస్తున్నాడు. తొమ్మిది దాటింది. ఎదురుగా లారీ, కళ్ళలోకి కొట్టే లైట్లు. కాస్త ఎడమకు జరిగాడు. ముందు చక్రం పొత్రమంత రాయికి తగిలింది. మెడ కింద కాలరు ఎముక విరిగింది. తలకు టోపీ ఉండబట్టి అంతటితో పోయింది. రెండు నెలలు చెయ్యి పైకెత్తలేకపోయాడు. మంచం మీద పడుకుని అతను నాతో అన్న మాట ఒకటే: “వదినా, ఆ రాయి మనదే.”

మనదే. మావారు పెట్టిందే. వడ్లకు కాపలాగా పెట్టిన రాయి ఇంటి మనిషినే పడేసింది. అప్పటినుంచీ రోడ్డు మీద ఏ అడ్డం కనిపించినా నిలబడి చూడటం నాకు అలవాటైంది. ఎవరైనా ఇంజనీరు కనిపిస్తే అడగటం, పిల్లల చేత చదివించుకోవడం కూడా.

మొదట ఆ రాయి చేసిన తప్పేమిటో చూద్దాం. నేలబారున ఉంది కాబట్టి దూరం నుంచి కనిపించదు. నల్ల పట్టా పక్కన నల్లరాయి, చీకటి. తగిలితే అది లొంగదు, మనిషే లొంగాలి. లారీ చెడిపోతే డ్రైవర్లు వెనకాల చెట్టుకొమ్మలూ రాళ్ళూ పేరుస్తారు. బాగుచేసుకుని కొమ్మ తీసేసి వెళ్ళిపోతారు, రాయి మాత్రం అక్కడే ఉండిపోతుంది. అది మరీ అన్యాయం. ఇనుప గేట్ల లాంటి బారికేడ్లు ఉన్నాయి చూశారా, అవి కనిపిస్తాయి గానీ వాటి ఊచల చివరలు బయటికి పొడుచుకుని ఉంటాయి. స్కూటరు వెనక కూర్చున్న మా పిన్ని చీర కొంగు అలాంటి ఊచకే చిక్కుకుని చిరిగింది. బండి నెమ్మదిగా పోతోంది కాబట్టి చీరతో సరిపోయింది.

అయితే అసలు చిక్కు ఇక్కడుంది. అడ్డం తేలికగా ఉంటే గాలికి పోతుంది, బండి తగిలితే ఎగిరి ఇంకొకరి మీద పడుతుంది. బరువుగా ఉంటే కదలదు గానీ తగిలినవాడి ఎముకలు మిగలవు. పైగా దాన్ని తేవడానికీ తీయడానికీ క్రేను కావాలి. క్రేను లేకపోతే తెచ్చేవాళ్ళుండరు, తెచ్చాక తీసేవాళ్ళుండరు. మోసేటప్పుడు తేలికగా, నిలబెట్టాక బరువుగా, తగిలినప్పుడు మెత్తగా ఉండాలి. అత్తగారు కోడలి కోసం వెతికినట్టే ఉంది కదూ ఈ కోరికల జాబితా!

దీనికి ఒక్కొక్కరు ఒక్కో తోవ తొక్కారు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంవాళ్ళు 1950ల్లో రోడ్డు మధ్యన కాంక్రీటు గోడలు పెట్టడం మొదలుపెట్టారు. మొదట పొట్టిగా ఉండేవి, 1959 నాటికి 32 అంగుళాల ఎత్తుకు వచ్చాయి. మన జాతీయ రహదారుల మీద కింద వెడల్పుగా, పైన సన్నగా కనిపించే గోడలది ఆ వంశమే. ఆ వాలు అందం కోసం కాదు. కారు పక్కవాటుగా వచ్చి రాసుకుంటే చక్రం ఆ వాలు మీదికి కొంచెం ఎక్కి, బండి మళ్ళీ తన దారిలోకే తిరుగుతుంది. బాగానే ఉంది, కానీ బరువు టన్నుల్లో. ఇంకోపక్క లాస్ ఏంజెలెస్ నగరంలో రోడ్లకు గీతలు వేసే శాఖలో పనిచేసిన చార్లెస్ స్కాన్లన్ అనే ఆయన, తడి రంగు మీదికి బళ్ళు రాకుండా పెట్టే చెక్క అడ్డాలు ఊరికే విరిగిపోతున్నాయని రబ్బరు కోను తయారుచేశాడు. 1943లో దానికి పేటెంటు వచ్చింది. అది పడినా లేచి నిలబడుతుంది, కానీ దేన్నీ ఆపదు. ఒకటి మరీ బండ, ఇంకొకటి మరీ మెత్తన.

మధ్య దారి చూపినవాళ్ళలో జాన్ ఫిచ్ అనే పందెం కార్ల డ్రైవరు ఒకడు. 1955లో ఫ్రాన్సులో లె మాన్స్ పందెంలో ఒక కారు జనం మీదికి దూసుకుపోయి 80 మందికి పైగా చనిపోయారు. ఆ కారు నడుపుతున్నవాడు ఫిచ్ జట్టులోవాడే, ఇద్దరూ ఒకే కారును వంతులవారీగా నడపాల్సినవాళ్ళు. ఆ తర్వాత ఫిచ్ ప్లాస్టిక్ పీపాల్లో ఇసుక పోసి, ముందు వరసలో తక్కువగా, వెనక వరసల్లో ఎక్కువగా నింపి, వంతెన స్తంభాల ముందు పేర్చే పద్ధతి కనిపెట్టాడు. కారు మొదటి పీపాను పగలగొట్టినప్పుడు కొంచెం వేగం పోతుంది, రెండోదానికి ఇంకొంచెం. మనం మెట్లు దిగినట్టు వేగం దిగుతుందన్నమాట. కారులో తానే కూర్చుని పీపాలను గుద్ది పరీక్షించాడట!

వేగం సంగతి ఇక్కడే చెప్పాలి. బండి వేగం రెండింతలైతే దెబ్బ రెండింతలని మనం అనుకుంటాం. కాదు, నాలుగింతలు. గంటకు 40 కిలోమీటర్ల మీద వచ్చే కారును ఆపడానికి ఎంత శక్తి కావాలో, 80 మీద వచ్చేదానికి దానికి నాలుగు రెట్లు కావాలి. ఆ శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. ప్లాస్టిక్‌లో, నీళ్ళలో, ఇసుకలో ఖర్చయితే మంచిది. లేకపోతే మన పక్కటెముకల్లో ఖర్చవుతుంది.

ఇప్పుడు మన నీళ్ళ దిమ్మ దగ్గరికి వద్దాం. ఆరెంజి రంగుదీ తెల్లదీ మార్చి మార్చి వరసగా పెడుతుంటారు, చూసే ఉంటారు. లోపల డొల్ల. పైన నీళ్ళు పోసే కంత, అడుగున వదిలే కంత ఉంటాయి. ఇవి తయారయ్యే పద్ధతి మన నల్ల టాంకీ తయారయ్యే పద్ధతే. గుజరాత్‌లోని కలోల్‌లో 1975లో మొదలైన సింటెక్స్ టాంకీల తర్వాత మన మేడలన్నీ ఆ రకంతో నిండిపోయాయి. ఇనుప మూసలో ప్లాస్టిక్ పొడి పోస్తారు. పెద్ద పొయ్యిలో మూసను వేడిచేస్తూ అటూ ఇటూ, కిందికీ మీదికీ గిరగిర తిప్పుతారు. పొడి కరిగి మూస గోడలకు అంతటా అంటుకుంటుంది. పెనం మీద పిండి పోసి పెనాన్నే తిప్పుతూ అప్పం చేస్తామే, అచ్చం అలాగే. చల్లారాక మూస విప్పితే ఎక్కడా అతుకు లేని డొల్ల బొమ్మ బయటికి వస్తుంది. అతుకు లేదు కాబట్టి అతుకు దగ్గర పగలడమూ లేదు.

ఖాళీ దిమ్మను ఇద్దరు పట్టుకుంటే ఎత్తి లారీలో వేసుకోవచ్చు. తెచ్చి నిలబెట్టి 300 లీటర్ల నీళ్ళు పోస్తే 300 కిలోల బరువు. లీటరుకు కిలో, మనకు తెలిసిన లెక్కే. పని అయిపోగానే అడుగు బిరడా తీస్తే మళ్ళీ తేలిక. బండి గుద్దితే ప్లాస్టిక్ వంగుతుంది, నీళ్ళు లోపల ఎగసిపడతాయి, గట్టిగా తగిలితే దిమ్మ పగిలి నీళ్ళు చిమ్ముతాయి. కారు శక్తి ఇలా నీళ్ళ పాలవుతుంది. “పగిలిపోయింది, నాసిరకం” అని తిట్టుకోకూడదు. మనిషి బదులు తాను పగలడమే దాని ఉద్యోగం.

కానీ ఒక్క దిమ్మ 300 కిలోలున్నా, 1000 కిలోల కారు ముందు అది పిల్లకాయే. అందుకే ఒకదాని చివర గాడి, ఇంకొకదాని చివర నాలుక పెట్టి, పైనుంచి కడ్డీ దూర్చి కలుపుతారు. పది కలిస్తే 3000 కిలోల గొలుసు. ఒకదాన్ని గుద్దితే పక్కవి పట్టుకుని లాగుతాయి. కడ్డీ లేకుండా ఊరికే పక్కపక్కన పెట్టిన దిమ్మలు ఎన్ని ఉన్నా ఒక్కటే లెక్క. ఈసారి ఎక్కడైనా చూస్తే వాటి మధ్య కడ్డీలున్నాయేమో గమనించండి. మా వైపు నేను చూసినవాటిలో చాలావాటికి లేవు. కడ్డీ మాట అటుంచి, లోపల నీళ్ళే లేవు. వేలితో తోస్తే ఊగుతున్నాయి.

ఇంకో సంగతి దాచకూడదు. ఈ ప్లాస్టిక్ దిమ్మలన్నీ ఒక జాతి కావు. కొన్ని దారి చూపించడానికి మాత్రమే చేసినవి. కొన్ని కార్లతో గుద్దించి పరీక్షించి, లోపల ఉక్కు కూడా పెట్టి చేసినవి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అసలైనవి కూడా గుద్దినప్పుడు కొన్ని అడుగులు వెనక్కి జరుగుతాయి. అందుకని దిమ్మకు ఆనుకుని కూలీలను కూర్చోబెట్టకూడదు, వెనకాల జాగా వదలాలి. తవ్విన గుంటకు అంచునే దిమ్మలు పెడితే దిమ్మతో సహా బండి గుంటలోకే పోతుంది. వంతెనల అంచులకు ఇవి పనికిరావు, అక్కడ గట్టి కాంక్రీటు గోడే కావాలి. 2021 డిసెంబరులో ఆత్మకూరు నుంచి మా సంగం శివాలయంలో రాత్రి నిద్ర చేయడానికి వస్తున్నవాళ్ళ ఆటో బీరాపేరు వాగులో పడి ప్రాణాలు పోయాయి. మా ఊరివాళ్ళెవరూ ఆ రాత్రిని మరిచిపోలేదు. ఆ వంతెన దాటినప్పుడల్లా నా చెయ్యి తెలియకుండానే పక్కవాళ్ళ భుజం మీదికి పోతుంది.

ఇక దిమ్మను చేసేవాళ్ళు ఆలోచించాల్సిన చిన్న చిన్న విషయాలున్నాయి. ఇవి మన ఆడవాళ్ళను అడిగితే తొందరగా తేలతాయని నా నమ్మకం.

మొదటిది మూత. నీళ్ళు పోసి మూత పెట్టకపోతే అది దోమల తొట్టి. డెంగీ తెచ్చే చారల దోమకు మురికి నీళ్ళు అక్కర్లేదు, కదలని మంచినీళ్ళే ఇష్టం. వారం పది రోజుల్లో గుడ్డు దోమ అవుతుంది. రోడ్డు పని ఆరు నెలలు సాగితే, ఆ వీధిలో వంద దిమ్మలుంటే, లెక్క మీరే వేసుకోండి. మరచుట్ల మూత, అది పోకుండా దిమ్మకే కట్టి ఉండే గొలుసు పెడితే ఎంత ఖర్చు? అడుగు బిరడాకు కూడా అలాగే ఉండాలి. బిరడా పోయిందంటే రాత్రికి రాత్రి నీళ్ళు కారిపోయి 300 కిలోల దిమ్మ తెల్లారేసరికి అట్టపెట్టె అవుతుంది.

రెండోది ఎండ. నెల్లూరు ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? ప్లాస్టిక్ బకెట్ ఏడాదిపాటు మేడ మీద ఉంటే చేత్తో పట్టుకోగానే పెళుసుగా విరుగుతుంది. మన టాంకీలు నల్లగా ఉండేది అందుకే. అందులో కలిపే మసి ఎండను తాను మింగి ప్లాస్టిక్‌ను కాపాడుతుంది. మరి రోడ్డు దిమ్మను నల్లగా చేస్తే రాత్రి కనిపించదు కదా! ఆరెంజి రంగు దిమ్మకు ఎండ తట్టుకునే మందు విడిగా కలపాలి, అది ఖరీదు. ఖర్చుకు వెనకాడి కలపకపోతే రెండు వేసవులకు రంగు వెలిసి, దిమ్మ పెళుసుబారుతుంది. వెలిసిపోయిన దిమ్మ కనిపిస్తే అది నీడన నిలిపిన రకం కాదని, మందు తక్కువైన రకమని నేననుకుంటాను.

మూడోది మెరుపు పట్టీ. ఇందులో ఒక చమత్కారం ఉంది. అద్దం మీద పక్కనుంచి లైటు వేస్తే వెలుగు అవతలికి పోతుంది. ఈ పట్టీలో కంటికి కనిపించనంత చిన్న గాజు పూసలుంటాయి. అవి వెలుగును ఎటునుంచి వస్తే అటే తిప్పి పంపుతాయి. కాబట్టి బండి లైటు వెలుగు నేరుగా ఆ బండి నడిపేవాడి కంటికే వస్తుంది. చీకట్లో పిల్లి కళ్ళు మెరిసేది కూడా ఇటువంటి తీరులోనే. ఇంగ్లండులో పెర్సీ షా అనే ఆయన 1934లో రోడ్డు మధ్యన బిగించే గాజు కళ్ళకు ‘పిల్లి కళ్ళు’ అనే పేరు పెట్టాడు. అయితే దుమ్ము పడితే ఏ పట్టీ అయినా గుడ్డిదే. ఎవరో ఒకరు తడిగుడ్డతో తుడవాలి. కోట్ల రూపాయల రోడ్డు పనిలో తడిగుడ్డ పట్టుకునే మనిషికి జీతం ఎవరూ రాయరు, అదే విచిత్రం.

ఇప్పుడు మా పెన్న గురించి ఒక మాట. 2021 నవంబరు వరదల్లో కోవూరు దగ్గర పడుగుపాడు వద్ద చెన్నై నుంచి కలకత్తా పోయే జాతీయ రహదారే కోసుకుపోయి బళ్ళు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. అలాంటప్పుడు రోడ్డు మూసేయడానికి ఈ నీళ్ళ దిమ్మలు పెడితే చాలు కదా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఒకరోజు బట్టలు తడుపుతూ ఉంటే సమాధానం దొరికింది. మీరూ చేసి చూడండి. ప్లాస్టిక్ మగ్గును నీళ్ళ బకెట్లో నిండా ముంచి, లోపల గాలి లేకుండా చేసి వదలండి. అది అడుగుకు పోదు. మునిగీ మునగనట్టు పైనే తచ్చాడుతుంది. నిండా నీళ్ళున్నా దానికి బరువు లేదు. ఎందుకంటే నీళ్ళలో నీళ్ళకు బరువుండదు, ఆ ప్లాస్టిక్ నీళ్ళ కన్నా కొంచెం తేలిక. అదే ఇత్తడి చెంబయితే బుడుంగుమని అడుగున కూర్చుంటుంది.

అంటే వరద నీళ్ళు దిమ్మ నడుము దాకా వచ్చేసరికి దాని బరువులో చాలా భాగం పోయినట్టే. పూర్తిగా మునిగితే తెప్పలా కదులుతుంది. చప్టాల దగ్గర, వాగుల దగ్గర నీళ్ళు నింపిన దిమ్మను నమ్ముకోకూడదు, ఇసుక పోయాలి. ఇసుక నీళ్ళకు ఒకటిన్నర రెట్లు బరువు, మునిగినా దాని బరువు కొంత దానికి మిగులుతుంది. ఇసుకకు చిక్కు ఏమిటంటే, పోయడం సులువు, తీయడం కష్టం. వానకు తడిసి గడ్డకట్టాక పారలతో తవ్వాలి. అందుకని ఇసుకను సంచుల్లో నింపి దిమ్మలో దింపేలా పెద్ద నోరు పెట్టాలి. పెన్న పక్కన ఉన్నవాళ్ళకు ఈ ఊహ వస్తుంది గానీ ఎక్కడో కూర్చుని మూస గీసేవాళ్ళకు రాకపోవచ్చు.

దిమ్మ ఎంత బాగున్నా పెట్టే చోటు తప్పితే వృథా. గంటకు 60 కిలోమీటర్ల మీద పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మనిషి చూసి, అర్థం చేసుకుని, బ్రేకు మీద కాలు వేయడానికి మన రోడ్డు ఇంజనీర్లు రెండున్నర సెకన్లు లెక్కకడతారు. అంటే బ్రేకు పడకముందే 40 మీటర్లకు పైగా దూరం పోయిందన్నమాట. గుంట దగ్గర పెట్టిన దిమ్మ గుంట దగ్గరే కనిపిస్తే ఏం లాభం? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళు పనులు జరిగే చోట్ల కోసం 2001లో ఒక నియమావళి వేశారు, 2014లో దాన్ని తిరగరాశారు. చాలా ముందునుంచి హెచ్చరిక బోర్డులు, తర్వాత బళ్ళను వాలుగా పక్కకు మళ్ళించే వరస, తర్వాత పని జరిగే చోటు, చివర మళ్ళీ దారిలోకి తెచ్చే భాగం. కాగితం మీద చక్కగా ఉంది. వరస మొదటి దిమ్మ మాత్రం బళ్ళకు ఎదురుగా మొండిగా నిలబడకూడదు, రోడ్డు అంచుకు వాల్చి మొదలుపెట్టాలి.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఎ అనే సెక్షను చేర్చారు. రోడ్డు వేసే, చూసుకునే అధికారులు గానీ కాంట్రాక్టర్లు గానీ భద్రతా ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోయినా, అంగవైకల్యం వచ్చినా లక్ష రూపాయల దాకా జరిమానా. ఒక ప్రాణానికి లక్ష రూపాయలేనా అనిపిస్తుంది, కానీ సెక్షను పేరు చెప్పి అడిగితే జవాబు చెప్పే గొంతు మారుతుంది. మా వీధిలో పైపుల కోసం తవ్వి తాడు కట్టి వదిలేసినప్పుడు నేను అడిగి చూశాను. మూడో రోజుకు నాలుగు దిమ్మలు వచ్చాయి. నీళ్ళు మేమే పోశాం, బిందెలతో. జాతీయ రహదారి మీదయితే 1033 నంబరుకు ఫోను చేసి చెప్పవచ్చు.

మా వడ్ల సంగతి చెప్పలేదు కదూ. ఈ రెండేళ్ళుగా సగం పంట కల్లంలోనే ఆరుతోంది. మిగతా సగం ఇంకా రోడ్డు వారనే, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ రాళ్ళు లేవు. ఇరవై లీటర్ల పాత ప్లాస్టిక్ డబ్బాలు ఎనిమిది సంపాదించాం. అడుగున జానెడు ఇసుక పోశాం. ఇంకా ఎక్కువ పోస్తే అది మళ్ళీ రాయే అవుతుంది. పైన తెల్ల రంగు, నడుముకు లారీల వెనక అంటించే ఎర్ర తెల్ల మెరుపు పట్టీ. స్టిక్కర్ల కొట్టులో మూరల లెక్కన అమ్ముతారు. బండి తగిలితే డబ్బా పక్కకు పొర్లుతుంది. రెండు డబ్బాలు వడ్లకు చాలా ముందుగా, రోడ్డు అంచున పెడతాం. పట్టా కప్పగానే వాటిని తడిగుడ్డతో తుడిచే పని మా మరిది తనదేనన్నాడు. వానకాలంలో చెయ్యి ఇంకా లాగుతుందంటాడు, అయినా ఆ పని ఎవరికీ ఇవ్వడు.

మొన్న ఒక డబ్బాకు మూత కనిపించలేదు. పిల్లకాయలెవరో బండి చక్రం చేసుకుని ఉంటారు. ఇడ్లీపిండి డబ్బా మూత తెచ్చి పెడితే సరిగ్గా పట్టింది. ఇప్పుడు పిండికి పళ్ళెం మూత పెడుతున్నాను. సెలవు.